డిస్టోపియా నవల: ముందు రూల్స్ పట్టుకోండి

మొదటి 50 పేజీలు నెమ్మదిగా చదవండి. డిస్టోపియా అంటే మనుషుల్ని అణిచేసే ఊహా సమాజం; ఈ రకం నవలల్లో కథకంటే ముందు చట్టం మొదలవుతుంది. అది బుర్రకెక్కకపోతే తర్వాత హీరో పడే నలుగుడు మనకు అంటదు. ఓ కాగితం మీద మూడే రాసుకోండి: ఇక్కడ ఏది నిషేధం, తప్పితే శిక్షేమిటి, లాభం ఎవరికి.

2008లో వచ్చిన ‘ద హంగర్ గేమ్స్’ మొదటి అధ్యాయమే చూడండి. ఒకరినొకరు చంపుకునే పోటీకి పిల్లల్ని లాటరీ తీసి ఎంచుతారు. 12 ఏళ్లకు అందులో పేరు ఒకసారి పడుతుంది, ఏటా ఒకటి పెరుగుతుంది. తిండికి కటకటైతే అదనంగా పేరు వేయించుకుని ధాన్యం, నూనె తెచ్చుకోవచ్చు. అలా 16 ఏళ్ల హీరోయిన్ కాట్నిస్ పేరు 20 సార్లు ఉంది. లాటరీ అందరికీ ఒకటేనన్నది పైమాటే! ఈ లెక్క దాటేసి పరిగెడితే మిగిలేవి ఫైటింగులే.

ధర్మసంకటం వచ్చిన చోట పుస్తకం మూయండి. పేజీ తిప్పకముందే మీరైతే ఏం చేస్తారో, దానివల్ల ఎవరు నష్టపోతారో ఒక్క వాక్యంలో రాయండి. తర్వాత రాస్తే ‘నేనూ అదే అనుకున్నా’ అనిపిస్తుంది, నమ్మకండి. రెండు దారుల్లో ఒకటి తేలిగ్గా మంచిదైపోతే అది సంకటమే కాదు, రచయిత తప్పించుకున్నట్టు.

కథ ‘నేను’ అంటూ నడిస్తే, ఆ పాత్ర కళ్లారా చూసిందేదో, ఊహించిందేదో విడదీయండి. ఎదుటివాళ్ల ఉద్దేశాల దగ్గరే ఎక్కువగా పొరబడతాం.

ప్రేమ త్రికోణం మీద విసుక్కోకండి; చాలాసార్లు ప్రేమకోసం పోటీపడే ఆ ఇద్దరూ రెండు రాజకీయ దారులకు గుర్తులు. సిరీస్ అయితే భాగానికీ భాగానికీ రెండు మూడు రోజులు విరామమివ్వండి. ఏకబిగిన చదివితే మూడో భాగానికి చావులు కూడా లెక్కల్లా అనిపిస్తాయి.