అగాధం వీడియోలో స్నెయిల్‌ఫిష్‌ని పట్టుకోవడం ఎలా

అగాధం అంటే సముద్రం అడుగున ఉండే లోతైన లోయ. ఎర కట్టి అందులోకి దించిన కెమెరా తీసిన వీడియో తెరవగానే, అక్కడ బతికే స్నెయిల్‌ఫిష్ అనే చేప కోసం వెతకొద్దు. ముందు తెర మూలన లోతు ఎంతుందో చూడండి. పసిఫిక్ సముద్రంలోని మరియానా అగాధంలో ఉండే మరియానా స్నెయిల్‌ఫిష్ వలకు దొరికింది దాదాపు 6,900 నుంచి 8,000 మీటర్ల మధ్య. అంకె 8,400 దాటిందంటే చేప మీద ఆశ వదులుకోవచ్చు. అంత లోతులో నీటి ఒత్తిడికి ఒంట్లో ప్రొటీన్లు పాడవకుండా చేపలు టీఎంఏఓ అనే పదార్థాన్ని నింపుకుంటాయి. లోతుకి పోయేకొద్దీ అది ఇంకా ఎక్కువ కావాలి. కానీ ఆ పదార్థం మరీ ఎక్కువైతే బయటి నీరు ఒంట్లోకి చొరబడటం మొదలవుతుంది. 2022లో జపాన్ దగ్గర ఇజు-ఒగసవారా అగాధంలో 8,336 మీటర్ల దగ్గర ఓ చేప కెమెరాకి చిక్కింది. అదీ దీని దగ్గరి చుట్టమే.

తర్వాత ఎర చూడండి. కెమెరా ముందు కట్టిన మాకరెల్ చేప మీద కాసేపట్లో యాంఫీపాడ్లు, అంటే రొయ్యల్లాంటి చిన్న జీవులు, ముసురుకుంటాయి. మొదట్లో నేను ఈ భాగాన్ని ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేసేవాణ్ణి, చేప వచ్చాక చూద్దాంలే అని. అలా ఎన్ని వీడియోల్లో దాన్ని పోగొట్టుకున్నానో! స్నెయిల్‌ఫిష్ వచ్చేది మాకరెల్ కోసం కాదు, ఆ గుంపు కోసమే. నోటితో గబుక్కున పీల్చేసి, గొంతులో ఉన్న రెండో జత దవడలతో నలిపేస్తుంది. కాబట్టి గుంపు చిక్కబడుతున్నప్పుడే కళ్లు పెద్దవి చేసుకుని చూడాలి.

భయంకరమైన ఆకారాన్ని ఊహించుకోకండి. జానెడు కంటే కొంచెం పొడవు, లేత గులాబీ రంగు, పొలుసుల్లేని ఒళ్లు. తోకకప్పలాగా తల వెడల్పు, తోక సన్నం. కళ్లు నల్లటి చుక్కలంతే. వీడియో ఆపి పొట్ట దగ్గర జూమ్ చేయండి: పల్చటి చర్మం లోంచి కాలేయం కనిపిస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు చాలాసేపు వీడియో ముందుకి జరపలేకపోయాను. దాదాపు ఎనిమిది వందల రెట్లు వాతావరణ పీడనం కింద, ఒకటి రెండు డిగ్రీల చలిలో, గట్టి ఎముకలు కూడా లేకుండా ఆ మెత్తటి ప్రాణి నింపాదిగా ఈదుతోంది.

చూసిన చేప పేరు రాసుకునేటప్పుడు తొందరపడొద్దు. మరియానా అగాధంలోనే 2014లో 8,145 మీటర్ల దగ్గర ఇంకో రకం స్నెయిల్‌ఫిష్ కనిపించింది, వెడల్పాటి పల్చటి రెక్కలతో. రెక్కలు సరిగ్గా కనపడకపోతే స్నెయిల్‌ఫిష్ అని మాత్రం రాసి, పక్కన అగాధం పేరు, లోతు, సమయం వేసి వదిలేయండి.