వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ కారుతోందా? సీలు కొనే ముందు బ్రీదర్ చూడండి

ఇంటి దగ్గర సొంతంగా గేర్‌బాక్స్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్ మార్చుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జాకీ ఎక్కడ పెట్టాలో, స్టాండ్లు లేకుండా బండి కిందకి ఎందుకు దూరకూడదో, కాస్త తిప్పి తెచ్చిన బండిలో ఆయిల్ ఎంత తేలిగ్గా దిగుతుందో మీకు తెలుసనే అనుకుంటున్నాను. పని అయ్యాక వచ్చే ఇబ్బందుల గురించే ఇక్కడ చెబుతాను. హౌసింగ్ అంటే వెనక ఇరుసు మధ్యలో చక్రాలని తిప్పే గేర్లు ఉండే పెట్టె. సీలు అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. బ్రీదర్ అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న టోపీ.

ముందు ఒక్క మాట. స్విఫ్ట్, ఐ20 లాంటి ముందు చక్రాలతో నడిచే బండ్లకి విడిగా హౌసింగ్ ఉండదు. డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకి పంచే గేర్లు, గేర్‌బాక్స్‌లోనే కలిసి ఉంటుంది, రెండింటికీ ఒకటే ఆయిల్. బొలెరో, ఇన్నోవా క్రిస్టా, ఈకో లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లకి గేర్‌బాక్స్‌లో ఒక ఆయిల్, వెనక హౌసింగ్‌లో ఇంకో ఆయిల్. మన మెకానిక్‌లు క్రౌన్ ఆయిల్ అనేది ఈ రెండోదాన్నే.

పాత ఆయిల్ దింపేశాను, నింపే బోల్టు ఊడటం లేదు

దీనికి కారణం వెతకక్కర్లేదు. నింపే బోల్టు ముందు విప్పి చూడకుండా కింది బోల్టు తీసేశారు, అంతే. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఫోన్ నాకు వస్తూనే ఉంటుంది. విశాఖలో ఉప్పు గాలికి బండి కింద బోల్టులు పట్టేస్తాయి. బీచ్ రోడ్డు దగ్గర, పెదగంట్యాడ వైపు ఉండే బండ్లకి మరీనూ. పై బోల్టు వచ్చిందని చేత్తో చూసుకున్నాకే కింది బోల్టు మీద పానా పెట్టండి. రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ రాకపోతే పాత ఆయిల్‌తోనే మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ వెళ్లొచ్చు. ఖాళీ హౌసింగ్‌తో వీధి చివరి దాకా కూడా వెళ్లకూడదు.

ఆయిల్ మార్చాక గేర్లు గట్టిగా పడుతున్నాయి

పొద్దున్నే మొదటి నుంచి రెండో గేరుకి మారేటప్పుడు లివర్ బిగుసుకుంటోందంటే, డబ్బా మీద ఏం రాసి ఉందో చూడండి. మిగిలిపోయిన హౌసింగ్ ఆయిల్ గేర్‌బాక్స్‌లో పోసేసినవాళ్లు చాలామంది ఉన్నారు. హౌసింగ్‌లోని క్రౌన్, పినియన్ అనే రెండు గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. ఆ ఒత్తిడి తట్టుకోవడానికే జీఎల్-5 రకం ఆయిల్‌లో గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు ఎక్కువగా కలుపుతారు. గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులు, అంటే గేరు మారేటప్పుడు వేగాలు కలిపేవి, చాలా బండ్లకి ఇత్తడివి. ఆ రసాయనాలు ఇత్తడికి పడవు. పైగా గేరు సాఫీగా పడాలంటే ఆ రింగు కాస్త రాపిడితో పట్టుకోవాలి, మరీ జారుడుగా ఉంటే పట్టదు. అందుకే గేర్‌బాక్స్‌కి బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 రకమే పోయాలి. 75డబ్ల్యూ-80 అనే పలచటి ఆయిల్ చెప్పినచోట చిక్కటి 90 పోస్తే చలికాలం పొద్దుట, అందులోనూ లంబసింగి వైపు వెళ్లినప్పుడు, తేడా చేతికే తెలుస్తుంది.

తప్పు ఆయిల్ పోశారని తేలితే వెంటనే దింపి సరైనది పోయండి. సరైనదే పోసి ఉంటే ఒకసారి క్లచ్ చూసుకోండి. చాలాసార్లు ఆయిల్ మీద వేసే నింద క్లచ్‌దే.

ఆయిల్ మార్చాక వెనక నుంచి గుయ్‌మని మోత

యాక్సిలరేటర్ నొక్కితే పెరిగి వదిలితే తగ్గే మోత అయితే హౌసింగ్ లెవెల్ చూడండి. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినప్పుడు మారే మోత అయితే అది చక్రం బేరింగు, ఆయిల్‌తో సంబంధం లేదు.

లెవెల్ ఎందుకు తప్పుతుందంటే, మన ఊరు కొండల మధ్య ఉంది. సీతమ్మధారలోనూ, కైలాసపురంలోనూ ఇంటి ముందు వీధి ఏదో ఒక పక్కకి వాలే ఉంటుంది. నింపే బెజ్జం అంచు దాకా ఆయిల్ రావాలన్న లెక్క బండి సమంగా ఉన్నప్పుడే పనికొస్తుంది. బెజ్జం ఉన్న వైపుకి బండి వాలి ఉంటే ఆయిల్ ముందే కారిపోతుంది, నిండిందని మూసేస్తాం. అవతలి వైపుకి వాలి ఉంటే అవసరానికి మించి పడుతుంది. ఒక పక్కే జాకీ ఎత్తి నింపినా ఇదే తంతు. అపార్ట్‌మెంట్ సెల్లార్ సమంగా ఉంటే అక్కడ చేసుకోండి, లేదా నాలుగు వైపులా స్టాండ్ల మీద నిలపండి. మాన్యువల్‌లో రాసిన కొలతా, మీరు పోసిన కొలతా పక్కపక్కన పెట్టి చూసుకోండి. అర లీటరు తేడా ఉందంటే మీ లెవెల్ తప్పింది.

వెనక చక్రం లోపలి వైపు ఆయిల్ కారుతోంది

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మా బొలెరోకి ఒక వానాకాలం ముందు, తుప్పు పట్టకుండా ఉండాలని అడుగున నల్లటి కోటింగ్ కొట్టించాను. సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి అందరూ చేయించుకునే పనే. రెండు నెలలకి ఎడమ వెనక చక్రం లోపలి వైపు తడి కనిపించింది. వర్క్‌షాపులో చూపిస్తే “సీలు పోనాది బాబూ, మార్చీడమే” అన్నారు. మార్చారు. అరకు వెళ్లొచ్చాక కుడి వైపు తడి. అదీ మార్చారు. మళ్లీ అరకు వెళ్లినప్పుడు, అనంతగిరి ఘాట్ దిగుతుంటే బ్రేకు నొక్కగానే బండి ఒక పక్కకి లాగింది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. ఒక పక్కకి ఆపి, చాలాసేపు చల్లారనిచ్చి, రెండో గేరులోనే మెల్లగా కిందకి దింపాను. ఇంటికొచ్చి డ్రమ్ము విప్పితే ఎడమ వైపు బ్రేక్ లైనర్లు గేర్ ఆయిల్‌లో నానిపోయి ఉన్నాయి. అంతకుముందు మార్చిన కొత్త సీలే మళ్లీ కారింది.

ఈసారి ఆయిల్ నేనే మార్చుకుందామని, పదిహేను కిలోమీటర్లు తిప్పి తెచ్చి నింపే బోల్టు వదులు చేశాను. బుస్సుమని గాలి వచ్చింది, దాంతో పాటు వేడి ఆయిల్ మోచేతి దాకా చిమ్మింది. అప్పుడు అర్థమైంది. హౌసింగ్ లోపల గాలి బయటికి పోయే దారి లేదు.

హౌసింగ్ పైన, చాలా బండ్లకి ఇరుసు గొట్టం మీద, బొటనవేలి గోరంత పుట్టగొడుగు ఆకారంలో ఒక టోపీ ఉంటుంది. అదే బ్రీదర్. కొన్ని బండ్లకి అక్కడి నుంచి ఒక రబ్బరు పైపు బాడీ వైపు పైకి వెళుతుంది. ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి దాని గుండా బయటికి పోతుంది, చల్లారినప్పుడు లోపలికి వస్తుంది. మా బండికి ఆ టోపీ మీద కోటింగ్ గట్టిగా పట్టేసి, అది కదలకుండా అయిపోయింది.

లెక్క చూడండి. పొద్దున్న 30 డిగ్రీలు ఉన్న హౌసింగ్ ఘాట్ ఎక్కాక 90 డిగ్రీలకి చేరిందనుకుందాం. దారి మూసుకుపోతే లోపలి గాలి ఒత్తిడి అయిదో వంతు పెరుగుతుంది. అంటే దాదాపు 3 పీఎస్‌ఐ. టైరు గాలితో పోలిస్తే ఇది ఏమీ కాదు. కానీ ఆ సీలు పని చిమ్మే ఆయిల్‌ని ఆపడం వరకే, లోపలి నుంచి గాలి తోస్తుంటే దాని రబ్బరు పెదవి ఆగలేదు. కొత్త సీలైనా పాత సీలైనా ఆయిల్ దారి చేసుకుంటుంది. సిటీలో తిరిగినన్నాళ్లూ తడి కనిపించకపోవడానికీ, అరకు వెళ్లొచ్చిన ప్రతిసారీ కనిపించడానికీ ఇదే కారణం.

ఎలా చూసుకోవాలంటే: బండి చల్లగా ఉన్నప్పుడు అడుగుకి టార్చి వేసి టోపీని వెతకండి. మట్టి, కోటింగ్, తుప్పు గీకేయండి. వేలితో తిప్పితే కదలాలి, కొన్ని రకాలు కొద్దిగా పైకి లేస్తాయి కూడా. కదలకపోతే విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టి చూడండి. గాలి అవతలికి పోకపోతే కొత్తది వేయండి. సీలుతో పోలిస్తే చాలా చవక. విప్పే ముందు చుట్టూ మట్టి పూర్తిగా తుడవండి, లేకపోతే అది హౌసింగ్‌లోనే పడుతుంది. రబ్బరు పైపు ఉన్న బండికి అది ఎక్కడైనా నలిగిందా, మడతపడిందా చూడండి.

అనుమానం తీరకపోతే నాకు జరిగిన పరీక్షే మీరు కావాలని చేయొచ్చు. పది, పదిహేను కిలోమీటర్లు నడిపి వచ్చి, చేతికి గ్లౌజు వేసుకుని, ముఖం దూరంగా పెట్టి, నింపే బోల్టుని మెల్లగా పావు చుట్టు, పావు చుట్టు వదులు చేయండి. బుస్సుమంటే బ్రీదర్ మూసుకుపోయినట్టే.

సీలు నిజంగానే పోయి ఉండొచ్చు. రబ్బరు గట్టిపడినా, ఇరుసు మీద సీలు కూర్చునే చోట గాడి పడినా మార్చక తప్పదు. మార్చండి, కానీ బ్రీదర్ శుభ్రం చేశాకే. ఆయిల్‌లో నానిన లైనర్లని మాత్రం కడిగి మళ్లీ వేయకండి. రెండు వైపులా కొత్తవి వేయించండి. నేను బ్రీదర్ గీకి శుభ్రం చేసిన తర్వాత అవే సీళ్లతో అరకు నాలుగుసార్లు వెళ్లొచ్చాను, ఒక చుక్క లేదు. కోటింగ్ కొట్టించేటప్పుడు బ్రీదర్ మీద చిన్న ప్లాస్టిక్ కవరు కట్టమని ముందే అడగండి, పని అయ్యాక దగ్గరుండి తీయించండి. గేర్‌బాక్స్ పైన కూడా ఒక బ్రీదర్ ఉంటుంది. గేర్‌బాక్స్ సీళ్లు మార్చినా మళ్లీ మళ్లీ కారుతుంటే దాన్నీ చూడండి.

దిగిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది

నీళ్లు కలిశాయి. దీని వెనకా చాలాసార్లు బ్రీదరే ఉంటుంది. వేడిగా ఉన్న హౌసింగ్ వాననీళ్లు నిలిచిన అండర్‌బ్రిడ్జిలో దిగితే ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి లాగుతుంది. పై దారి మూసి ఉంటే సీళ్ల దగ్గర నుంచి, బ్రీదర్ నీళ్లలో మునిగితే దాని గుండా, నీళ్లు లోపలికి వస్తాయి. ఆ ఆయిల్ ఒక్కరోజు కూడా ఉంచకండి, బేరింగులు తుప్పు పడతాయి. కొత్తది పోసి, వంద కిలోమీటర్లు తిప్పి, మళ్లీ దింపి చూడండి. అప్పటికీ తెల్లగా ఉంటే మూడోసారి మార్చాల్సిందే. తుఫాను నీళ్లలో దిగిన బండికి కిలోమీటర్ల లెక్క చూడొద్దు, ఆ వారంలోనే బోల్టు విప్పి చూడండి.

మిగతావి

కింది బోల్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు సహజం. వేలితో పట్టుకునేంత ముక్కలు ఉంటే పళ్లో, బేరింగో పోయింది, ఇంటి పని కాదు. కింది బోల్టు దగ్గరే చెమ్మ ఉంటే పాత వాషర్ మళ్లీ వేసి ఉంటారు, కొత్తది వేయండి. హౌసింగ్ బీటలు వారడం లాంటివి నేను చాలా అరుదుగా చూశాను, మొదటే అటు వెళ్లకండి. ఆటోమేటిక్, సీవీటీ గేర్‌బాక్స్‌లకి లెవెల్ చాలావరకు నిర్ణీత వేడి దగ్గర, ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూడాలి. వాటికి కంపెనీ చెప్పిన ఫ్లూయిడ్ తప్ప వేరేది పనికిరాదు. ఇంటి దగ్గర చేయొద్దనే చెబుతాను.

దింపిన ఆయిల్‌ని అదే డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇచ్చేయండి. కాలవలో పోస్తే గెడ్డలోకి, అక్కడి నుంచి సముద్రంలోకే పోతుంది. ఇచ్చే ముందు మాత్రం ఎన్ని లీటర్లు దిగిందో కొలిచి రాసుకోండి. దిగింది తక్కువ ఉందంటే ఎక్కడో కారుతోంది. అప్పుడు టార్చి తీసుకుని మొదట ఆ టోపీ దగ్గరికి వెళ్లండి.