సర్పగంధిని గింజ నుంచి పెంచడం ఎలా?

ముందు మీరు తెచ్చుకున్నది నిజంగా మందుమొక్క సర్పగంధేనా అని చూసుకోండి. ఆ పేరుతో నర్సరీల్లో చాలాసార్లు అంటగట్టేది దాని అమెరికా చుట్టం, రావుల్ఫియా టెట్రాఫిల్లా. అది రోడ్ల పక్కన ఊరికే మొలుస్తుంది. కణుపు దగ్గర ఆకులు లెక్కపెడితే చాలావరకు తేలిపోతుంది. చుట్టానికి నాలుగు, అవీ చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. అసలుదానికి మామూలుగా మూడు. పూస్తే ఇక అనుమానమే ఉండదు. సర్పగంధి పూగుత్తిలో కాడలన్నీ ఎర్రగా ఉంటాయి, వాటి చివర తెల్లటి సన్నని గొట్టాల్లాంటి పూలు, ఒక్కో గొట్టం నడుముకి కాస్త పైన ఉబ్బి ఉంటుంది. టెట్రాఫిల్లా పూలు మరీ చిన్నవి, దగ్గరికెళ్తే తప్ప కనపడవు.

అడవి నుంచి మాత్రం తవ్వి తేకండి. మందంతా వేరులోనే ఉంది, వేరు తీస్తే మొక్క పోయినట్టే. బీపీకి ఇది పనిచేస్తుందని 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వాళ్లు వేరు నుంచి బీపీ తగ్గించే రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. ఆ గిరాకీతో అడవుల్లో తవ్వకాలు పెరిగిపోయాయి. ఇప్పుడిది అడవి మొక్కల, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో జాబితాలో ఉంది, అంటే దేశాలు దాటించే వ్యాపారానికి అనుమతులు కావాలి. తెలిసినవాళ్ల పెరట్లో కాసిన పండ్లు నాలుగు అడిగి తెచ్చుకోండి, చాలు.

కావలసినవి: అడుగున చిల్లులున్న ట్రే, ఎర్రమట్టి, ఇసుక, బాగా కుళ్లిన ఆకుఎరువు. మూడూ సమపాళ్లలో కలపండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక్కటే వేసి మొలవలేదని నన్ను అడగొద్దు.

అసలు కష్టం గింజ దగ్గరే. పండు నల్లగా, కాస్త ఊదా రంగులో నిగనిగలాడాలి. ఆకుపచ్చవి, సగం రంగు తిరిగినవి కోయకండి. పండ్లు చాలావరకు జంటగా అంటుకుని ఉంటాయి, ఒక్కోసారి అందులో ఒకటి ఎదగక ముడుచుకుపోతుంది. అలాంటిది పక్కన పడేయండి. కోసిన రోజే ఇసుకతో రుద్ది గుజ్జంతా వదిలించి కడగాలి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది. లోపల గరుకైన గట్టి టెంక ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: టెంక గట్టిగా ఉంది కదా, లోపల గింజ ఉందనుకుంటారు. సర్పగంధిలో డొల్ల టెంకలు ఎక్కువ. పది పాళ్ల నీళ్లలో ఒక పాలు ఉప్పు కలిపి అందులో వేయండి. తేలినవి పారేయండి, జాలి పడొద్దు. మునిగినవాటిని వెంటనే మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, ఒక రాత్రి నానబెట్టండి.

తర్వాత వెంటనే విత్తేయాలి. ఎండబెట్టి డబ్బాలో దాచి, ఏడాది తర్వాత వేసేవాళ్లున్నారు. నెలలు గడిచేకొద్దీ మొలిచే శక్తి పడిపోతుంది. చలి ముదిరాక కోసిన పండ్లయితే వేరే దారి లేదు, నీడలో ఆరబెట్టి వేసవి దాకా ఆగండి, అంతకుమించి వద్దు. వేలి గోరు మునిగేంత లోతు చాలు. రెండు మూడు వారాలకు ఒకటీ అరా తల ఎత్తుతాయి, మిగతావి నెల దాటాక కూడా వస్తాయి. వందకు సగం మొలిస్తే గొప్పే. ఏమైందో చూద్దామని మట్టి కెలికితే ఆ సగం కూడా ఉండదు.

కొమ్మ ముక్కలు పెడితే త్వరగా వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ గింజ మొక్కకు దిగినంత బలమైన తల్లివేరు దానికి దిగదు. వేరు ముక్కల పద్ధతికైతే ముందు ఒక మొక్కను తవ్వాలి. ఉన్నవే తక్కువైనప్పుడు అదేం తెలివి?

నాలుగైదు ఆకులు రాగానే లోతైన కుండీలోకి మార్చండి. వానాకాలం మంచిది. హిమాలయ పాదాల నుంచి మన తూర్పు కనుమల దాకా ఇది పెద్ద చెట్ల కింద, ఆకులు కుళ్లిన తేమ నేలలో, నీళ్లు నిలవని చోట పెరుగుతుంది. మీ పెరట్లో మామిడి చెట్టు ఉంటే దాని నీడన పెట్టండి. మేడ మీద ఎండలో పెట్టి మాడ్చకండి.

చలికాలంలో ఆకులు రాలిస్తే చచ్చిందని పీకెయ్యకండి, నీళ్లు తగ్గించండి. వేసవిలో మళ్లీ చిగురిస్తుంది. వేరు మాత్రం ఇంట్లో అరగదీసి తాగొద్దు: బీపీ మరీ పడిపోవచ్చు, గుండె వేగం తగ్గొచ్చు, మనసు కుంగిపోవచ్చు. కాయలు రంగు తిరగగానే గుత్తికి దోమతెర ముక్క కట్టండి, లేకపోతే మీకంటే ముందు పిట్టలు కోసుకుపోతాయి.