డ్రైవర్ డీబగ్గింగ్‌కు ముందు: ఆప్టిమైజేషన్ తగ్గించేవాళ్లకు జాగ్రత్తలు

అనంతపురం, కడప, కర్నూలు కాలేజీల్లో ఎండలు ముదిరేసరికి ఫైనలియర్ ప్రాజెక్టుల హడావిడి మొదలవుతుంది. లినక్స్ డ్రైవర్ ఎంచుకున్నవాళ్లకు జీడీబీ అనే డీబగ్గర్‌లో చూడాల్సిన వేరియబుల్ దగ్గర 'ఆప్టిమైజ్డ్ ఔట్' అని కనబడగానే, కెర్నల్ మొత్తాన్నీ ఓ0తో, అంటే ఆప్టిమైజేషన్ (వేగం కోసం కంపైలర్ కోడులో చేసే మార్పులు) లేకుండా, కంపైల్ చేద్దామనిపిస్తుంది. అది కుదరదు. కెర్నల్ మామూలుగా ఓ2 అనే ఎక్కువ ఆప్టిమైజేషన్ స్థాయితో తయారవుతుంది, అందులో చాలా కోడు ఆప్టిమైజర్‌ను నమ్ముకునే రాసి ఉంది. ఇన్‌లైన్ అసెంబ్లీకి (సీ కోడు మధ్యలో రాసే అసెంబ్లీ సూచనలకు) ఇచ్చే కొన్ని విలువలు కంపైల్ వేళకే స్థిరంగా తేలాలి. ఓ0లో అవి తేలవు, బిల్డ్ మధ్యలోనే ఆగిపోతుంది.

మీ డ్రైవర్ ఫైలు ఒక్కదానికే ఓజీ (డీబగ్గింగ్‌కు అనువైన తక్కువ ఆప్టిమైజేషన్ స్థాయి) పెట్టండి. మేక్‌ఫైల్‌లో ఆ ఆబ్జెక్ట్ ఫైలు పేరుతో సీఫ్లాగ్స్ వరుస రాస్తే చాలు. రెండు ఓ స్థాయిలుంటే చివరిదే చెల్లుతుంది కాబట్టి ఓ2ను తీసేయనక్కర్లేదు. మేక్‌కు వీ=1 ఇచ్చి అది నడిపే కంపైల్ కమాండును ఒకసారి కళ్లారా చూసుకోండి. ఓజీతోనూ బిల్డ్ తప్పులొస్తే దాన్ని వదిలేసి, చూడాల్సిన ఫంక్షన్‌కు నోఇన్‌లైన్ (దీన్ని వేరే ఫంక్షన్‌లో కలిపేయొద్దని కంపైలర్‌కు చెప్పే గుర్తు) తగిలించండి. ఎఫ్‌ట్రేస్ (కెర్నల్ ఫంక్షన్ల పిలుపులను నమోదు చేసే సాధనం) జాబితాలో మీ స్టాటిక్ ఫంక్షన్ లేకపోతే, చాలాసార్లు అది తనను పిలిచిన ఫంక్షన్‌లో కలిసిపోయి ఉంటుంది.

ఆప్టిమైజేషన్ తగ్గితే స్టాక్ వాడకం పెరుగుతుంది. 64 బిట్ ఎక్స్86లో ఒక్కో థ్రెడ్‌కు ఉండే కెర్నల్ స్టాక్ 16 కేబీ. ఫంక్షన్ లోపల పెద్ద బఫర్లుంటే ముందే కేమాలాక్‌కు (స్టాక్ బయట మెమరీ ఇచ్చే కెర్నల్ ఫంక్షన్‌కు) మార్చండి.

అసలు భయపడాల్సింది ఓజీలో డ్రైవర్ బుద్ధిగా నడిచినప్పుడు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం సంకేతమిచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) 'డన్' అనే జెండా ఎత్తేదాకా వైల్ లూప్‌లో కాచుకునే కోడు తీసుకోండి. ఓ2లో కంపైలర్ ఆ జెండాను లూప్ బయటే ఒకసారి చదివి రిజిస్టర్‌లో పెట్టేసుకోవచ్చు, ఇక లూప్ తెగదు. స్థాయి తగ్గిస్తే ప్రతిసారీ మెమరీ నుంచి చదవొచ్చు, బగ్గు మాయమైనట్టు కనిపిస్తుంది. తప్పు కంపైలర్‌ది కాదు. అక్కడ ప్రతిసారీ మెమరీ నుంచే చదివించే రీడ్‌వన్స్ వాడాలి, ఇంకా మేలు కంప్లీషన్ (పని అయ్యేదాకా నిద్రపోయి ఎదురుచూసే కెర్నల్ ఏర్పాటు) పెట్టుకోవడం. పరికరం రిజిస్టర్లను పాయింటర్‌తో నేరుగా చదవడమూ ఇలాంటి పొరపాటే, అక్కడ అందుకోసమే ఉన్న కెర్నల్ ఫంక్షన్లు రీడ్ఎల్, రైట్ఎల్ వాడండి. డీఎంఏ (పరికరం నేరుగా మెమరీని చదివి రాసే పద్ధతి) డిస్క్రిప్టర్ నింపి, అది ఇక పరికరానిదని చెప్పే ఓనర్ బిట్ మార్చేముందు డీఎంఏ రైట్ బ్యారియర్ (రాతల వరుస తారుమారు కాకుండా ఆపేది) మరిచిపోతే ఎక్స్86 కంప్యూటర్‌లో గట్టెక్కి, ఆర్మ్ బోర్డు మీద పడిపోవచ్చు. అలాంటి తప్పుకు ఓ స్థాయి మార్చడం మందు కాదు.

కెర్నల్ సందేశాలు ముద్రించే ప్రింట్‌కే కూడా కాలాన్ని మార్చేస్తుంది, సీరియల్ కన్సోల్ ఉంటే మరీ. టైమింగ్ బగ్గులకు సందేశాలను మెమరీలోని ట్రేస్ బఫర్‌లో రాసే ట్రేస్‌ప్రింట్‌కే వాడండి.

పరీక్షలన్నీ క్యూఈఎంయూ అనే వర్చువల్ కంప్యూటర్‌లో చేయండి, కెర్నల్ కమాండ్‌లైన్‌లో నోకేఏఎస్ఎల్ఆర్ (కెర్నల్ అడ్రసులు బూట్ చేసిన ప్రతిసారీ మారకుండా ఆపేది) పెట్టండి. అసలు బోర్డు మీదే చేయాల్సి వస్తే, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ల్యాబ్‌లో మాడ్యూల్ ఎక్కించేముందు సింక్ (మెమరీలోని ఫైలు మార్పులను డిస్కుకు రాసే కమాండ్) కొట్టండి. ప్రతి బిల్డ్‌కూ వీఎంలినక్స్ (కెర్నల్ ఫైలు)నూ, డీబగ్ సమాచారం తీసేయని (స్ట్రిప్ చేయని) కేఓ మాడ్యూల్ ఫైలునూ ఒకే ఫోల్డర్‌లో దాచండి. వేరే బిల్డ్ ఫైళ్లతో ఊప్స్ (కెర్నల్ తప్పు నివేదిక) చదివితే వరుస సంఖ్యలు దారి తప్పిస్తాయి. డెమోకు రెండు రోజుల ముందే ఓజీ తీసేసి, ఓ2తో రాత్రంతా లోడు మీద నడపండి.