రిపీటర్ గడియారం తప్పుగా కొడుతోందా? విప్పే ముందు లెక్కపెట్టండి

రిపీటర్ జేబు గడియారాన్ని ఎవరైనా బాగుచేయమని తెస్తే నేను వెంటనే స్క్రూడ్రైవర్ ముట్టుకోను. స్లైడ్ లాగి, చెవి దగ్గర పెట్టుకుని, కాగితం మీద గీతలు గీస్తాను. లావు గొంతు దెబ్బలు ఎన్ని, జంట దెబ్బలు ఎన్ని, సన్న గొంతు దెబ్బలు ఎన్ని అని. తప్పు ఏ దెబ్బలో ఉందో తేలితే లోపల ఏ ముక్కను చూడాలో సగం తేలినట్టే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే పెద్ద గడియారం మనలో చాలామంది చూసిందే. అది ఎవరూ అడగకుండానే కొడుతుంది. రిపీటర్ అలా కాదు, అడిగితేనే చెబుతుంది. అగ్గిపుల్ల కూడా లేని రోజుల్లో చీకట్లో టైం తెలుసుకోవడానికి పుట్టింది. 1687లో లండన్‌లో ఎడ్వర్డ్ బార్లో, డేనియల్ క్వేర్ ఇద్దరూ దీన్ని నేనే చేశానంటే నేనే చేశానన్నారు. పంచాయితీ రెండో జేమ్స్ రాజు దాకా వెళ్లింది. బార్లో గడియారంలో గంటలకు ఒక మీట, పావుగంటలకు ఇంకో మీట. క్వేర్ గడియారంలో ఒక్క నొక్కుతో రెండూ వచ్చేవి. క్వేర్ గెలిచాడు. ఆ 'ఒక్క నొక్కు' దగ్గరే మన కథంతా ఉంది, మన రిపేర్లూ అక్కడే ఉన్నాయి.

లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి, లేకపోతే కిందిదంతా గాల్లో మాటలవుతాయి. స్విస్ మినిట్ రిపీటర్‌నే తీసుకుంటాను. పక్కనున్న స్లైడ్ లాగితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. కొట్టడానికి వేరుగా ఉన్న చిన్న స్ప్రింగ్‌కు కీ ఎక్కుతుంది. గంటల ర్యాక్ (సుత్తిని కదిలించే పళ్లున్న ముక్క) తోక వెళ్లి గంటల స్నెయిల్‌ను తాకుతుంది. స్నెయిల్ అంటే నత్త గుల్లలా మెట్లు మెట్లుగా కోసిన బిళ్ల. గంటల దానికి 12 మెట్లు. మెట్టు ఎంత లోతుగా ఉంటే ర్యాక్ అంత దూరం వెళ్తుంది, అన్ని గంటలు కొడుతుంది. పావుగంటల స్నెయిల్‌కు 4 మెట్లు. నిమిషాల స్నెయిల్‌కు నాలుగు చేతులు, ఒక్కో చేతికి 14 నిమిషాల దాకా మెట్లు. స్లైడ్ వదలగానే స్ప్రింగ్ విప్పుకుంటూ మొదట లావు గొంతుతో గంటలు, తర్వాత టింగ్-టాంగ్ అని జంటలుగా పావులు, చివర సన్న గొంతుతో నిమిషాలు కొట్టిస్తుంది. ఈ పరుగును అదుపులో పెట్టేది గవర్నర్.

లాగితే గిర్రుమని వెనక్కొస్తుంది, ఒక్క దెబ్బా పడదు

పది కేసుల్లో చాలావాటికి కారణం గడియారం కాదు, చెయ్యి. స్లైడ్ సగమే లాగారు. ఇలాంటి గడియారాల్లో ఒక చిన్న మీట కాపలా ఉంటుంది. మా పని భాషలో దాని పేరు 'ఆల్ ఆర్ నథింగ్', కొడితే పూర్తిగా కొట్టు, లేదంటే అసలు కొట్టకు అని. గంటల స్నెయిల్ కూర్చునేది ఈ ముక్క మీదే. ర్యాక్ తోక స్నెయిల్‌ను గట్టిగా నెట్టి ఈ ముక్కను వెంట్రుకంత కదిలిస్తేనే పావుగంటల ర్యాక్ విడుదలవుతుంది. అప్పటిదాకా సుత్తులకు దెబ్బ అందదు. ఇది రాకముందు సగం లాగితే సగం గంటలే కొట్టేవి. ఉదయం 9 అయితే 5 చెప్పి మనిషిని మళ్లీ పడుకోబెట్టేవి.

కాబట్టి ముందు ఆగేదాకా, తొందర లేకుండా లాగి చూడండి. అప్పుడూ మౌనమే అయితే స్లైడ్ చివరిదాకా వెళ్తోందా చూడండి. కేస్ అంచు నొక్కుకుపోయినా, స్లైడ్ గాడిలో మట్టి, జిడ్డు పేరుకున్నా అది మిల్లీమీటరు ముందే ఆగిపోతుంది. ఆ గాడి తెరిచే ఉంటుంది కాబట్టి జేబులోని నూగంతా లోపలికే. గాడి శుభ్రం చేసినా పలకకపోతే తప్పు కాపలా మీట కొన దగ్గర ఉన్నట్టు. అది డయల్ తీసి చూసే పని.

గంటలు తక్కువ కొడుతోంది

పూర్తిగా లాగినా 10కి 8 కొడితే పైన చెప్పిన కాపలా మీటే లంచం తిన్నట్టు. దాని కొన అరిగినా, స్ప్రింగ్ నీరసించినా, తోక స్నెయిల్ అడుగు తాకకముందే పావుగంటల ర్యాక్‌ను వదిలేస్తుంది. కొన పదును చేయడమా, స్ప్రింగ్ సరిచేయడమా అన్నది లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి చూస్తే తెలుస్తుంది. తోక వంగిందేమోనని దాన్ని వంచడం మాత్రం మొదటి పని కాకూడదు. నా ముందుకొచ్చిన ఒక గడియారంలో ఎవరో అంతకుముందే తోకను వంచి 10 గంటలకు సరిచేశారు. మిగతా 11 గంటలూ పాడయ్యాయి.

ఒక్కోసారి దెబ్బల మధ్య ఒకటి ఎగిరిపోతుంది, మిగతావి సరిగ్గా పడతాయి. అది లెక్క తప్పు కాదు, ర్యాక్ పన్ను మీద సుత్తి జారిపోవడం. ఆ పన్ను అరిగిందో, విరిగిందో చూడండి.

గంట మారేటప్పుడు అబద్ధం చెబుతోంది

రిపీటర్ రిపేర్లో అన్నిటికన్నా ముచ్చటైనదీ, అన్నిటికన్నా విసిగించేదీ ఇదే. రోజంతా సరిగ్గానే కొడుతుంది. సరిగ్గా 3 కొట్టమంటే మాత్రం 3 గంటలు, 3 జంటలు, 14 సన్న దెబ్బలు కొట్టి 3:59 అంటుంది. లేదా ముల్లు 3 మీద ఉంటే 2 గంటలు, 3 జంటలు, 13 సన్న దెబ్బలు కొట్టి 2:58 అంటుంది. రెండూ వేర్వేరు జబ్బులు, రెంటికీ వైద్యం వేరు.

గంటల స్నెయిల్ ఒక స్టార్ వీల్‌కు బిగించి ఉంటుంది. దానికి 12 మొనలు, పక్కన జంపర్ అనే స్ప్రింగ్ మీట. నిమిషాల ముల్లుతో తిరిగే చిన్న పిన్ను గంట చివర్లో స్టార్ మొనను మెల్లగా నెడుతుంది. జంపర్ శిఖరం దాటగానే స్టార్ టక్కున తర్వాతి గంటకు దూకుతుంది. కానీ ఆ క్షణంలో పావు, నిమిషాల తోకలు ఇంకా 59వ నిమిషం లోతులోనే పడే వీలుంది. అలా పడకుండా సర్‌ప్రైజ్ అనే పల్చటి రేకు కాపాడుతుంది. స్టార్ దూకినప్పుడు దాని మొన ఈ రేకును ముందుకు తన్నుతుంది, రేకు ఆ లోతును మూసేస్తుంది. ఇంత ఏర్పాటూ ఒక్క క్షణం కోసమే. ఎప్పుడో ఇది ఆలోచించినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

3:59 వస్తోందంటే స్టార్ దూకింది, రేకు కదల్లేదు. కారణం దాదాపు ఎప్పుడూ గట్టిపడిన పాత ఆయిలే. రేకును విప్పి, కడిగి, పొడిగా అమర్చండి. అక్కడ చుక్క ఆయిల్ పెట్టాలన్న ఆశ వదులుకోండి. ఆ ఆశే దాన్ని మళ్లీ అంటిస్తుంది. కడిగాక కూడా రాకపోతే జంపర్ బలం తగ్గి స్టార్ గట్టిగా తన్నడం లేదు.

3కి 2:58 వస్తోందంటే స్టార్ ఇంకా దూకలేదు, ముల్లు మాత్రం ముందే 12 మీదికొచ్చేసింది. దీనికి లోపలేమీ విప్పనక్కర్లేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ముల్లును మెల్లగా తిప్పుతూ స్టార్ టక్కుమన్న క్షణాన ఆపండి. ముల్లు తీసి సరిగ్గా 12 మీద మళ్లీ నొక్కండి. ఎప్పుడు చూసినా రెండు మూడు నిమిషాల తేడాతో కొట్టే గడియారానికీ ఇదే మందు. ఉదాహరణకు 10:20కి ఒక జంట, 3 సన్న దెబ్బలే కొడితే (10:18) ముల్లే తప్పు చోట కూర్చుంది, యంత్రం నిజమే చెబుతోంది.

ప్రతిసారీ గంటకు కాస్త ముందు ఆగిపోతోంది

పై కథలోని బరువే ఇది. స్టార్‌ను శిఖరం దాటించడానికి గడియారం అసలు స్ప్రింగే కష్టపడాలి. అది నీరసంగా ఉంటే అక్కడే చేతులెత్తేస్తుంది. జంపర్ కొన తుడిచి, దానికి మాత్రం సూదిమొనంత ఆయిల్ ఇవ్వండి. తర్వాత మెయిన్ స్ప్రింగ్, చక్రాల సర్వీసింగ్ చూసుకోండి. జంపర్‌ను పల్చగా అరగదీసి బరువు తగ్గించేవాళ్లను చూశాను. ఆగిపోవడం తగ్గుతుంది, 3:59 మొదలవుతుంది.

గంటలు ఖంగున, నిమిషాలు నీరసంగా

మొదటి దెబ్బలు బాగా పడి, చివరి సన్న దెబ్బలు ఈడ్చుకుంటూ, స్లైడ్ పూర్తిగా ఇంటికి రాకుండా ఆగితే కొట్టే స్ప్రింగ్‌కు ముందస్తు కీ చాల్లేదు. ఈ స్ప్రింగ్ ఎప్పుడూ సున్నా దగ్గర ఉండదు. విశ్రాంతిలో ఉన్నప్పుడూ కొంత కీ మిగిలే ఉంటుంది, చివరి నిమిషాలు కొట్టేది ఆ మిగులే. దాన్ని కొద్దిగా పెంచాలి. స్ప్రింగ్ పాతదై చుట్ట బిగుసుకుపోయి ఉంటే మార్చాల్సిందే.

విప్పేవాళ్లకు ఒక హెచ్చరిక. గడియారం ఆగిపోయింది కదా, కీ అయిపోయింది కదా అని బ్రిడ్జి (ఇరుసులను పట్టి ఉంచే రేకు) స్క్రూ తీయకండి. ఈ మిగులు కీ లోపలే ఉంటుంది. అసలు స్ప్రింగ్‌నీ, దీన్నీ, రెంటినీ వదులు చేసిన తర్వాతే పని మొదలుపెట్టండి. విరిగిన సన్న ఇరుసు దొరకడం కన్నా ఈ రెండు నిమిషాలు ఆగడం తేలిక.

పరుగెడుతోంది, లేదా నత్తనడక

దెబ్బలు లెక్కపెట్టలేనంత వేగంగా పడితే గవర్నర్ చూడండి. పాత రకంలో చిన్న యాంకర్ అటూ ఇటూ కొట్టుకుంటూ వెనక గర్ర్ మంటుంది. కొత్త రకం గిర్రున తిరిగి చప్పుడు లేకుండా అదుపు చేస్తుంది. యాంకర్ రకంలో దాని లోతు మార్చే బుష్ ఉంటుంది. లోతు పెంచితే వేగం తగ్గుతుంది. నెమ్మదైతే మాత్రం వెంటనే బుష్ తిప్పకండి, ముందు కడగండి. జిడ్డు ఉండగా వేగం సరిచేస్తే, కడిగాక గుర్రంలా పరుగెడుతుంది.

4:05కి 4 కొట్టి, ఖాళీగా ఒక క్షణం ఆగి, 5 కొడుతోందని కొందరు కంగారుగా తెస్తారు. అది జబ్బు కాదు. పావుగంటల వంతు వచ్చింది, కొట్టడానికి పావు లేదు, అంతే.

ఖంగుమనాల్సింది డబ్బుమంటోంది

కేస్ చుట్టూ చుట్టుకున్న రెండు ఉక్కు తీగలే ఆ గొంతు. 1783లో పారిస్ గడియారాల పనివాడు బ్రెగే గంట బదులు తీగ గాంగ్ పెట్టాక గడియారం పల్చబడింది, తీగ మాత్రం గారాబం నేర్చుకుంది. పునాది దగ్గర స్క్రూ వదులైనా, తీగ కేస్‌కో పక్క తీగకో తగిలినా గొంతు పోతుంది. ఒక పల్చటి కాగితం ముక్కను తీగ చుట్టూ జరిపి చూడండి, ఎక్కడ ఆగితే అక్కడ తగులుతోంది. సుత్తి కూడా కొట్టి వెంటనే వెనక్కి రావాలి. తీగ మీదే పడుకుంటే డబ్బుమంటుంది, మరీ దూరంగా ఉంటే గుసగుసలాడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తీగకు తుప్పు పడుతుంది. తుప్పును పెగ్‌వుడ్ అనే కర్రపుల్లతో మెల్లగా తీయండి. ఆకురాయి మాత్రం వద్దు, ఒకసారి గీకితే గొంతు మారిపోతుంది, పోయిన లోహం తిరిగి రాదు. సుత్తి ముఖానికీ తీగకూ ఆయిల్ అసలే పెట్టకండి.

అడగకుండా కొట్టే గడియారాలు

గ్రాండ్ సొనరీ అనేవి ప్రతి పావుగంటకూ గంటలు, పావులు రెండూ తమంతట తామే కొడతాయి. లెక్క వేసి చూడండి, 12 గంటల్లో గంటల దెబ్బలే 312. స్లైడ్ లాగిన కీ దీనికి చాలదు, అందుకే వేరే పెద్ద స్ప్రింగ్ పెట్టారు. చాలావాటిలో చెవి (కీ ఇచ్చే పిడి) ఒకవైపు తిప్పితే గడియారానికి, రెండోవైపు తిప్పితే కొట్టడానికి కీ ఎక్కుతుంది. 'టైం నడుస్తోంది, కొట్టడం మానేసింది' అని వచ్చేవాటిలో సగం చెవి రెండోవైపు తిప్పనివి, కొన్ని మీట సైలెంట్‌లో ఉన్నవి. స్విస్ గడియారాల పనివాడు ఫిలిప్ దుఫూర్ 1992లో దీన్ని చేతి గడియారంలోకి దించాడు, అది వేరే లోకం. దాన్ని చేసినవాళ్లకే ఇవ్వండి. 1947 నాటి వల్కైన్ క్రికెట్ లాంటి అలారం చేతి గడియారాల్లోనూ రెండు స్ప్రింగులు ఉంటాయి. అలారం రెండు సెకన్లే మోగితే ముందు రెండో కీ చూడండి.

కొడుతుండగా ముల్లు తిప్పకండి

తోకలు స్నెయిల్ మెట్ల మీద ఉన్నప్పుడు ముల్లు తిప్పితే మెట్టు గోడ తోకను లాగేస్తుంది. పైన చెప్పిన సగం జబ్బులు ఇలాగే మొదలవుతాయి. కొట్టడం పూర్తయి, స్లైడ్ ఇంటికొచ్చాకే చెవి లాగండి.

పని అయ్యాక పరీక్ష ఇలా పెట్టండి. ముల్లును 12:59 మీద పెట్టి స్లైడ్ లాగండి: 12 లావు, 3 జంటలు, 14 సన్నవి, మొత్తం 32 సుత్తి దెబ్బలు. ఇంతకన్నా పొడుగు పాట దీనికి రాదు, స్ప్రింగ్ బలం ఇక్కడే బయటపడుతుంది. తర్వాత ముల్లును మెల్లగా జరుపుతూ స్టార్ టక్కుమనగానే మళ్లీ లాగండి. ఒక్క దెబ్బ పడి ఆగాలి. 1:59 అన్నదంటే సర్‌ప్రైజ్ రేకు ఇంకా అంటుకునే ఉంది, డయల్ మళ్లీ తీయండి.