బోటుకు కొత్త యాంకర్ లైట్

రాత్రి లంగరు వేసి ఆగినప్పుడు మిగతా పడవలకు కనబడేలా వెలిగించే పాత లైటు మిణుకుమిణుకుమంటుంటే విప్పి చూశాను. సాకెట్ నిండా పచ్చటి చిలుము. తుడిచి లాభం లేదని ఎల్‌ఈడీ కొన్నాను. ఇది బ్యాటరీని తక్కువ వాడుతుంది కాబట్టి రాత్రంతా వెలిగినా పొద్దున ఇంజిన్ స్టార్ట్ అవుతుందా అన్న టెన్షన్ ఉండదు. 50 మీటర్లలోపు పొడవున్న పడవకు ఈ తెల్ల లైటు చుట్టూ 360 డిగ్రీలు, 2 నాటికల్ మైళ్ల దాకా కనబడాలి. అందుకే కప్పు కన్నా ఎత్తులో బిగించాను.

వైరింగే అసలు పని. తగరం పూత ఉన్న రాగి వైరు, బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు. స్విచ్ మాత్రం మూడు స్థానాల డబుల్ పోల్‌దే (ఒకే మీటతో రెండు వేర్వేరు సర్క్యూట్లను నడిపేది) తీసుకోవాలి: పైకి నొక్కితే ప్రయాణంలో వాడే ఎరుపు, ఆకుపచ్చ రంగు లైట్లతో కలిపి తెల్లది, మధ్యలో ఆఫ్, కిందికి నొక్కితే తెల్లది ఒక్కటే. రెండు పోల్స్ వేరు కాబట్టి లంగరు వేసి ఉన్నప్పుడు కరెంటు వెనక్కి తిరిగి రంగు లైట్లకు పాకదు.

జాయింట్లకు లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే ముడుచుకుని వైరుకు బిగిసే గొట్టం) తొడిగాను. మామూలు టేపు చెమ్మకు ఊడిపోతుంది, దాన్ని నమ్మను.