గోదావరి డెల్టాలో తొలి పెరటి తోట ఎలా వేయాలి? కూరలకు రెండు మళ్ళు, తుమ్మెదలకు ఒకటి

నా మొదటి తోట చూసి మా మేనత్త ఒకటే మాట అంది: "ఒరే, బెండ విత్తనాలు పెట్టావా, ఊడ్పులు ఊడ్చావా?" శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. చదును నేల మీద చేసిన నా మళ్ళు చిన్నసైజు వరిచేనైపోయాయి. జానెడు కూడా లేవని బెండ మొక్కలు మొదట్లోనే కుళ్ళి తలలు వాల్చేశాయి. విత్తనాలమ్మిన కొట్టువాణ్ణి వారం రోజులు తిట్టుకున్నాను గానీ, పాపం అతని తప్పేం లేదు.

మనం ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఉన్నవాళ్ళం. మెట్టలో తోట వేసేవాళ్ళకు నీళ్ళు ఎలా పట్టాలన్నది మొదటి పాఠం. మనకు ఏడాదిలో నాలుగైదు నెలలు నీళ్ళు ఎలా బయటికి పోవాలన్నదే పాఠం. ఆ తర్వాత ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు నుయ్యో బోరో దిక్కు. ఈ రెండు కష్టాలనూ ముందే లెక్కలో పెట్టుకుని తోట వేయాలి.

గునపం పట్టే ముందు

గట్టి వాన కురిసిన రోజు గొడుగు వేసుకుని పెరట్లో ఒక చుట్టు తిరగండి. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, మర్నాటికి ఎక్కడ ఇంకా తేమగా ఉంది? ఇదే మీ తోటకు పటం. వానల్లేని రోజులైతే అడుగు లోతు గుంట తవ్వి నిండా నీళ్ళు పోయండి. తెల్లారేసరికి ఇంకా నీళ్ళు కనిపిస్తే ఆ చోట నేల మీద నేరుగా ఏదీ వేయొద్దు.

తర్వాత ఎండ. కాయగూరలకు రోజుకి ఆరు గంటల ఎండ కావాలి. మన పెరళ్ళలో కొబ్బరి చెట్లుంటాయి కాబట్టి ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుక్కి నీడ ఎక్కడ పడుతోందో చూసి పుల్లలు పాతండి. నీడపడే చోటు వృథా అనుకోకండి. కంద, చేమ, పసుపు, బచ్చలి అక్కడ హాయిగా వస్తాయి. కందా బచ్చలీ పక్కపక్కనే పెంచుకుని, ఆవపెట్టిన కూర సొంత పెరట్లోంచి వండుకోవడం కన్నా గోదావరి వాళ్ళకు ఇంకేం కావాలి చెప్పండి.

బోరు నీళ్ళు కొంచెం రుచి చూడండి. సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉప్పు తగులుతుంది. తడి ఆరాక మట్టి మీద తెల్లగా పెట్టు కట్టినా అదే సంగతి. అలాంటి నీళ్ళకు చిక్కుడు జాతి ఓర్చుకోదు, పాలకూర ఓర్చుకుంటుంది. వానాకాలంలో పైకప్పు నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి మూతపెట్టుకుంటే నారు మొక్కలకైనా పనికొస్తాయి.

పావు సెంటు చాలు

మొదటిసారి వేసేవాళ్ళు చేసే రెండో తప్పు, దొడ్డంతా తవ్వేయడం. పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల పొడవు చాలు. పావు సెంటు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అందులో మూడేసి అడుగుల వెడల్పున మూడు మళ్ళు, మధ్యలో అడుగున్నర బాటలు రెండు. మూడడుగులే ఎందుకంటే అంచున కూర్చుని చెయ్యి చాపితే మధ్యకు అందాలి, మడి లోపల కాలు పెట్టకూడదు. మన ఒండ్రు నేల తడిగా ఉన్నప్పుడు తొక్కితే ఎండాక ఇటుకైపోతుంది.

మడి నేలకన్నా అడుగు ఎత్తుండాలి. అంచులకు కొబ్బరి డొక్కలు వరసగా పేర్చండి. మట్టి జారకుండా ఆపుతాయి, తేమ పట్టి ఉంచుతాయి, పైగా మన దగ్గర వాటికి కొదవలేదు. బాటల్ని బోదెల్లా పల్లంగా చేసి నీళ్ళు పోయే వైపుకి వాలు ఇవ్వండి.

మట్టికి నేను వాడే కొలత: పెరటి మట్టి రెండు తట్టలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక తట్ట, ఊక గానీ కొబ్బరి పొట్టు గానీ ఒక తట్ట. కొబ్బరి పొట్టు తాజాదైతే రెండు మూడుసార్లు నీళ్ళలో కడగాలి. పచ్చి పేడ అసలు వేయకండి. చేత్తో తీసుకుంటే పేడ వాసన రాకుండా పొడిపొడిగా రాలిందంటే ఎరువు మాగినట్టు.

తొలకరికి కాదు, కార్తీకానికి

తొలకరి పడగానే విత్తనాలు జల్లాలని చెయ్యి దురద పెడుతుంది. కొత్తవాళ్ళు ఆగాలనే నా సలహా. ముసురు, నత్తలు, తెగుళ్ళు, ఆపైన తుపాన్లు, ఇవన్నీ మొదటి ఏడాదే ఎందుకు? 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లనే పడగొట్టింది, మన ఆనప పందిరి ఓ లెక్కా. వానాకాలంలో మళ్ళు కట్టి మాగనివ్వండి. కార్తీకం సగం దాటాక నాటండి.

అప్పుడు మొదటి మడిలో ఆకుకూరలు: తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి. తోటకూర నెల తిరక్కుండానే కూరకొస్తుంది. కొత్తవాళ్ళకు ఆ మొదటి కట్ట చాలా ధైర్యం ఇస్తుంది. రెండో మడిలో వంగ నాలుగు, టమాటా ఆరు, మిరప నాలుగు. వంగకు, టమాటాకు మూరన్నా దూరం ఉండాలి. నారు చేతిలో ఉన్నప్పుడు ఆ దూరం మరీ దండగలా కనిపిస్తుంది, రెండు నెలలకు సరిపోదనిపిస్తుంది. బీర, ఆనప, బెండ సంక్రాంతి వెళ్ళాక. చిక్కుడు పాదు మాత్రం వచ్చే ఆషాఢంలో పెట్టండి. ఎంత ముందుగా ఏపుగా పెరిగినా, పగలు కురచయ్యాక గానీ అది పూతకు రాదు.

దడి మాటకొస్తే, కొబ్బరి మట్టలతోనో తాటాకుతోనో కట్టుకోండి. కోళ్ళకీ మేకలకీ అది చాలు.

మూడో మడి

"ఉన్నదే పావు సెంటు, అందులో పువ్వులకో మడా?" అని మా ఇంట్లోనూ అడిగారు. రెండో ఏడు నా బీరపాదు నిండా పూలే, కాయ లేదు. ఆకుల రసం పీల్చే పేనుబంక పట్టిందని కొట్లో ఇచ్చిన మందేదో పొద్దున్నే పిచికారీ చేశాను. పేనుబంక పోయింది, దానితోపాటు తోటకొచ్చే ఈగా తుమ్మెదా కూడా పోయాయి. పిందెలు పసుపు పచ్చబడి రాలిపోతుంటే ఎరువు తక్కువైందేమోనని ఇంకో తట్ట వేశాను!

బీర, ఆనప, కాకర, గుమ్మడి పాదులకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. మగపువ్వు పుప్పొడి దానికి ఎవరో మోసుకురావాలి. ఆ మోసేవాళ్ళకు తిండి పెట్టడానికే మూడో మడి.

అందులో ఏం వేయాలి? కడియం, కడియపులంక నర్సరీలకు వెళితే రంగులు చూసి మనసు ఆగదు. ఒక్క గుర్తు పెట్టుకోండి: ముద్ద పువ్వు మన కంటికి, రేక పువ్వు తేనెటీగకి. ముద్దబంతిలో రేకుల దొంతర మధ్య తేనె దగ్గరికి దారే ఉండదు. రేకబంతి మీద వాలితే నేరుగా అందుతుంది. మందారమూ అంతే, ముద్దమందారం కన్నా ఐదు రేకుల మందారం మేలు. తేనెపిట్టలు దాని మొదట్లో ముక్కు గుచ్చి తాగుతాయి. నూరువరహాలు సీతాకోకచిలుకలకు, తులసి చిన్న తేనెటీగలకు. కొత్తిమీర రెండు మొక్కలు కొయ్యకుండా పూతకు వదిలేయండి. ఆ తెల్లపూల కోసం వచ్చే చిన్న చిన్న ఈగల పిల్లలు పేనుబంకను తినేస్తాయి. పూలు విరగబూసిన మొక్క కొనకండి, మొగ్గ మీదున్నది తెచ్చుకోండి.

బంతి నారు టమాటా నారుకన్నా రెండు వారాలు ముందు పోయండి. రెండూ ఒకేసారి పూతకొస్తే, టమాటా కాయలు తొలిచే శనగపచ్చ పురుగు తల్లి గుడ్లు చాలావరకు బంతి మీదే పెడుతుంది. గొబ్బెమ్మలకు పూలూ ఇంట్లోవే అవుతాయి.

పువ్వుల మడి మూల ఒక మట్టిమూకుడులో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోయండి, తేనెటీగ రాయి మీద కూర్చుని తాగేలా. రెండు రోజులకోసారి పారబోసి మార్చాలి, లేకపోతే దోమల్ని పెంచినవాళ్ళమవుతాం.

ఎవరు పురుగు, ఎవరు చుట్టం

కరివేపాకు మీద కాకిరెట్టలాంటిది కనిపిస్తే చిదమబోయే ముందు పుల్లతో కదపండి. తల వెనకనుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదిలిందంటే అది సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, ఆపైన నల్లరెక్కలతో ఎగిరిపోతుంది. నాలుగు రెమ్మలు తింటుంది, తిననివ్వండి. దడి బయట జిల్లేడు మొక్క ఉంటే పీకకండి, నారింజరంగు రెక్కలవి దాని మీదే గుడ్లు పెడతాయి.

నిజంగా పురుగు ఎక్కువైతే వేపగింజల పొడి లీటరు నీళ్ళకు 50 గ్రాములు రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి కొట్టండి. అదీ పొద్దుగూకాక, తేనెటీగలు వెళ్ళిపోయాక. వంగలో వాడిన మొవ్వుల్ని రోజూ తుంచి కాల్చేయాలి, మొవ్వు తొలిచే పురుగు లోపలే ఉంటుంది. నత్తలకు మందక్కర్లేదు, రాత్రిపూట టార్చిలైటు, ఒక డబ్బా చాలు.

పిందెలు ఇంకా రాలుతుంటే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. వేళ మాత్రం తప్పకూడదు. బీర, ఆనప సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి తెల్లవారుజామున.

వంగకు ఇలా పువ్వు అద్దితే కుదరదు. దాని పుప్పొడి సన్నటి గొట్టాల్లో బిగుసుకుని ఉంటుంది. నల్లతుమ్మెద వచ్చి పువ్వును కాళ్ళతో కరుచుకుని జుయ్యిమని వణికిస్తే పసుపు పొడి దాని పొట్ట మీదికి రాలుతుంది. పక్కన నిలబడితే ఆ మోత స్పష్టంగా వినిపిస్తుంది. ఆ తుమ్మెదకు ఇల్లు ఎండువెదురు. మా పందిరి రాటకు పెన్సిలంత గుండ్రటి రంధ్రం ఒకటుంది, కింద చెక్కపొట్టు రాలుతూంటుంది. ఎండాకాలం పందిరి విప్పినప్పుడు మీకూ అలాంటి రాట కనిపిస్తే పొయ్యిలో పెట్టకండి, వాన తగలని చోట గోడకు ఆనించి ఉంచండి.